మేరీ కోమ్ వయసు

మా గూడెంలో ముసలివాళ్లను వయసు అడిగితే అంకె చెప్పరు. "1986లో గోదావరి పెద్ద వరద వచ్చినప్పుడు నా పెద్దకొడుకు నడుస్తున్నాడు" అంటారు. బడిలో చేర్చుకునేటప్పుడు ఆ మాటను బట్టే పంతుళ్లు తేదీ వేసేవారు. అందుకే మా బడి పాత రిజిస్టరులో చాలామంది జూన్‌లో పుట్టినవాళ్లే. వయసు లెక్క అంటే నాకు ఆ రిజిస్టరే గుర్తొస్తుంది.

మేరీ కోమ్ మణిపూర్‌లో కోమ్ అనే చిన్న తెగ బిడ్డ. తల్లిదండ్రులు మనలాగే పోడు చేసుకుని బతికినవాళ్లు. 2002 నుంచి 2010 వరకు ఐదుసార్లు ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. 2007లో కవలలు పుట్టారు. మరుసటి ఏడే మళ్లీ బంగారం తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2018 నవంబరులో ఢిల్లీలో ఉక్రెయిన్ అమ్మాయి హన్నా ఒఖోటాను ఓడించి ఆరోసారి విజేత అయ్యేనాటికి ఆమెకు 35 దాటాయి, ముగ్గురు కొడుకుల తల్లి.

2019లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, పేరు చూసి కాదు, పోటీ పెట్టి ఎంపిక చేయమని అడిగింది. ఆ అడగడం న్యాయమే. డిసెంబరులో పోటీ పెట్టారు. పెద్దామె 9-1 తేడాతో గెలిచింది. 2021 టోక్యోలో 38 ఏళ్ల వయసులో ఒక పోటీ గెలిచి, రెండోదాంట్లో 3-2తో కొలంబియా క్రీడాకారిణి ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో ఓడింది. నిఖత్ తర్వాత 2022, 2023ల్లో తానే ప్రపంచ విజేత అయింది.

అంతర్జాతీయ బాక్సింగ్ నిబంధన ప్రకారం 40 దాటినవాళ్లు ఈ పోటీలకు పనికిరారు. ఆడాలని ఉన్నా నిబంధన ఒప్పుకోదని 2024 జనవరిలో మేరీ చెప్పింది. తలకు దెబ్బలు తగిలే ఆట, జాగ్రత్త ఉండాలి. కాదనను. కానీ ఆ జాగ్రత్త డాక్టరు పరీక్షలో ఉండాలి, పుట్టిన తేదీలో కాదు. పెద్ద పేరుంది కాబట్టి పోటీ లేకుండా పంపడం ఎంత తప్పో, 40 నిండాయి కాబట్టి పోటీకే రానివ్వకపోవడం అంతే తప్పు.

మా తాతకు విల్లు దించమని ఎవరూ తేదీ పెట్టలేదు. గురి తప్పడం మొదలయ్యాక ఆయనే మా నాన్న చేతికిచ్చాడు.