గోనెసంచి మీద ఫ్రిజ్జు

అమ్మమ్మల కాలంలో ఇళ్ళల్లో బరువైన సామాను లేదనుకోకండి. రుబ్బురోలు, తిరగలి, మీద ఇద్దరు పిల్లలు హాయిగా పడుకోగలిగేంత భోషాణం, అన్నీ ఉండేవి. కాకపోతే అవి ఆనాటి కోడళ్ళలాంటివి. ఒకసారి గడప దాటి లోపలికొస్తే మళ్ళీ కదలడమన్నది లేదు. ఏ పెళ్ళికో పేరంటానికో జరపవలసొచ్చినా అది మట్టినేల. గుంట పడితే ఇంత మన్ను మెత్తి, పేడతో అలికి ముగ్గు పెట్టేస్తే మర్నాటికి మచ్చయినా కనిపించేది కాదు.

గచ్చు వచ్చాకే వచ్చింది చిక్కంతా. మొదట కలిగినవారి ఇళ్ళల్లో సున్నం గచ్చు, ఆ తర్వాత సిమెంటు, అందులో రంగు కలిపి ముఖం కనబడేలా తీర్చిన ఎర్ర గచ్చు. దానిమీద గీత పడితే పడ్డట్టే. మళ్ళీ పూయిస్తే పాత ఎరుపు ఒకటి, కొత్త ఎరుపు ఒకటి. రోజూ ఒంగి తుడిచేది మనం గనక ఆ గీత మన కంటికే కనిపిస్తుంది. మగవారికి పదేళ్ళకి గాని కనబడదు!

ఇటు నేల గట్టిపడుతుంటే అటు సామాన్లు బరువెక్కాయి. 1923లో గోద్రెజ్ వారు ఉక్కు బీరువా తెచ్చారు. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారుచేశారు. 1958లో గోద్రెజ్ వారిదే మన దేశపు ఫ్రిజ్జు. ఇవన్నీ మనవైపు మధ్యతరగతి ఇళ్ళకి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టిందనుకోండి. తీరా చేరేసరికి మనవి బదిలీల కాపురాలు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. కొత్త జిల్లా అంటే పుస్తకాల్లో పటం మీద ఇంకో గీత. గుమాస్తాగారి భార్యకి మాత్రం లారీలో బీరువా, అద్దింటి గచ్చు మీద గీత, ఇంటిగలావిడ ముఖంలో చిటపట.

బరువులు మోసేవారిని మనవైపు కలాసీలంటాం. ఓడల మీద, రేవుల్లో పనిచేసేవాళ్ళ పేరది. కలాసీ ఇంట్లో అడుగుపెడుతూనే అడిగేది గోనెసంచి. "అమ్మా, ముందు నేల తుడిపించీండి. ఇసక రేణువున్నాదంటే గీత పడిపోద్ది" అంటాడు. ఎంత నిజమో! గచ్చుని గీసేది బరువొక్కటే కాదు, కాలికింద చిక్కిన ఇసుక. ఫ్రిజ్జు బరువంతా ఆనేది ఆ నాలుగు చిన్న కాళ్ళ మీదే కదా. అందుకని కొంచెం వెనక్కి వాల్చి ముందుకాళ్ళ కింద మడతపెట్టిన పొడి గోనె, తర్వాత వెనకకాళ్ళ కింద ఇంకోటి. ఆ పైన ఒకరు గోనె అంచులు పట్టి లాగుతూ, ఇంకొకరు కిందిభాగాన చెయ్యేసి నెడుతూ మెల్లగా జరపాలి. పైభాగాన నెడితే తూలుతుంది. గడప దగ్గర మాత్రం ఎత్తవలసిందే. బీరువా ఖాళీ చెయ్యాలి, గ్రైండరు రాళ్ళు తీసెయ్యాలి. ఫ్రిజ్జుని పడుకోబెట్టకూడదు. తప్పనిసరై పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి వెళ్తుంది గనక, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాక గాని స్విచ్చి వెయ్యకూడదు.

ఆ మాటకొస్తే విజయనగరం వాళ్ళకి బరువు కదపడం ఒకరు నేర్పాలా? దసరా వెళ్ళిన మంగళవారం, యాభై అడుగులకు పైబడిన చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారితో సహా, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది.

గోనె సంగతికొస్తే, అది మన సొంత సొత్తు. ఏ గోగు ఆకుతో మనం గోంగూర పచ్చడి నూరుకుంటామో ఆ గోగు నారే దానికి ఆధారం. భీమునిపట్నం రేవు పేరు మీదుగా ఆ నారకి ప్రపంచ వ్యాపారంలో బిమ్లీ జూట్ అని పేరు. చంపావతి ఒడ్డున నెల్లిమర్లలోనూ, భీమిలి పక్కన చిట్టివలసలోనూ జనపనార మిల్లులు వెలిశాయి. ఎన్ని కుటుంబాలు వాటి మీద బతికాయో! ప్లాస్టిక్ సంచి వచ్చి ఆ గిరాకీకి గండికొట్టింది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది.

ఇప్పుడు బియ్యం ప్లాస్టిక్ సంచుల్లో వస్తోంది. అవి జారడానికి జారతాయి గాని పలచన. కాలికింద చిరిగి, ఇసుక రేణువుని దాచుకోలేవు. పైగా ఇవాళ్టివి టైల్సు. వేలి కణుపుతో కొట్టిచూస్తే కొన్ని డొల్లగా మోగుతాయి. ఆ మోగినచోట బరువు ఆనిందా, పుటుక్కున చిట్లుతుంది. అక్కడ గోనె ఒక్కటే చాలదు, కింద ప్లైవుడ్ పలక కూడా వెయ్యాలి. అందుకే మా అటక మీద రెండు పాత గోనెసంచులు దాచాను. ఎవరేనా పాతసామాన్లవాడికి వేసేద్దామంటే ఊరుకోను.