ఇల్లటపు అల్లుడు – పెళ్లికి ముందు ఆస్తి ఒప్పందం



పెళ్లికి ముందే ఆస్తి గురించి ఒప్పందం చేసుకోవడం పాశ్చాత్యుల పద్ధతి అని మనలో చాలామంది అనుకుంటారు. కానీ మన ఇళ్లలో అది తరతరాల ఆచారం. దాని పేరు ఇల్లటం. మా బళ్లారి వైపు కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగు వారు అలాంటి అల్లుణ్ణి 'మనె అళియ' అంటారు.

మగసంతానం లేని రైతు తన కూతురినిచ్చి అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకుంటాడు. ఇల్లూ పొలమూ చూసుకుంటే కొడుకులా భాగమిస్తానని పెళ్లికి ముందే మాట ఇస్తాడు. బళ్లారి, కర్నూలు ప్రాంతాల రెడ్లలో ఉన్న ఈ ఆచారాన్ని 1881లో మద్రాసు హైకోర్టు గుర్తించింది.

అయితే ఒక్క విషయం గమనించండి. ఇల్లటం దత్తత కాదు. ఇల్లటం వెళ్లినవాడికి పుట్టినింట హక్కు పోదు. మామగారికి తర్వాత కొడుకు పుట్టినా, అతనితో సమానంగా భాగం వచ్చేది. కానీ అత్తవారింట ఉన్నంత మాత్రాన ఎవరూ ఇల్లటపు అల్లుడు కారు. ఒప్పందం జరిగిందని రుజువు కావాలి. మాట ఇచ్చిన పెద్దాయన పోయాక, విన్న సాక్షులు లేక, ఏళ్ల తరబడి చేసిన చాకిరీకి విలువ లేకుండా పోయే ప్రమాదం అక్కడే ఉంది.

పెళ్లికి ముందు చేసుకున్న ప్రతి ఒప్పందమూ చెల్లదు. భర్త ఎప్పటికీ అత్తగారింటనే, ఆమె చెప్పినట్టు ఉండాలన్న షరతు చెల్లదని 1901లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంగీకరించదు.

ఇంతకీ ఈ ఏర్పాటులో కూతురి పేరు ఎక్కడ? ఆమె పుట్టిన ఇంటి భూమి ఆమె భర్త చేతికి వచ్చేది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. ఆ చట్టంలోని వారసుల పట్టికలో అల్లుడు లేడు. కానీ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కూతురికి రాలేదు. దాన్ని ఆంధ్రప్రదేశ్ 1986లో, తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇచ్చాయి. అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. ఒడిశాలో, యానాంలో ఉన్న మన ఆడపడుచులు 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ఆ సవరణ పెళ్లయిన కూతుళ్లనూ కలుపుకుంది. తండ్రి 2005కు ముందే మరణించినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను కదిలించడానికి వీల్లేదు.

కాబట్టి పెద్దలారా, అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటే అతనికి ఇవ్వదలచినది నోటిమాటగా వదలకండి. మీ ఆస్తిలో మీ వంతుకు వీలునామా రాయవచ్చు, స్వార్జితమైతే గిఫ్టు దస్తావేజు రిజిస్టరు చేయించవచ్చు. రాసేటప్పుడు కూతురిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కాగితం ఆమెకు చదివి వినిపించండి.