రాజుగారి దయ నుంచి ఉద్యోగి హక్కు దాకా
(ఫ్రెంచి విప్లవ చరిత్రలో పింఛను కథ)

ఫ్రాన్సు దేశం పేరు చెప్పగానే మన తెలుగువారికి బుస్సీ దొర, బొబ్బిలి యుద్ధం, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం గుర్తుకు వస్తాయి. ఫ్రెంచి విప్లవం అనగానే బాస్టిల్ కోట పతనం, గిలటిన్ కింద తెగిన తలలు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవే. అదే విప్లవంలో పింఛను గురించి పెద్ద తగాదా నడిచిందనీ, దాని ఫలితంగా ఒక చట్టం వచ్చిందనీ మనలో చాలామందికి తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా జమాఖర్చులు రాసి, ఎందరివో పింఛను కాగితాలు తయారుచేసి, ఇప్పుడు నా పింఛను నేను తీసుకుంటున్న వాణ్ణి కనుక ఆ కథ నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. మన ప్రత్యేక సంచిక పాఠకులతో దానిని పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాతకాలంలో పింఛను అంటే

రాజుల కాలంలో ఫ్రాన్సులో పింఛనుకు మరో పేరు 'దయ'. మన వైపు రాజులు, జమీందారులు ఇచ్చిన ఈనాము వంటిదన్నమాట. ఇన్నేళ్లు పనిచేస్తే ఇంత ముడుతుందనే లెక్క దేశమంతటికీ వర్తించేలా ఎక్కడా లేదు. రాజుగారికి తోచాలి, లేదా రాజుగారి చెవిలో ఎవరైనా వేయాలి. యుద్ధంలో కాలు పోగొట్టుకున్న ముసలి సైనికుడి పేరూ, అంతఃపురంలో రాణిగారితో పేకాట ఆడే దొరసాని పేరూ ఒకే చిట్టాలో కనిపించేవి. పెద్దలకు పెద్ద మొత్తాలు చేతికందేవి. చిన్నవారి బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయేవి.

అప్పటి ప్రభుత్వం అందరినీ గాలికి వదిలేసిందని అనడం మాత్రం న్యాయం కాదు. 14వ లూయీ 1670లో వృద్ధులూ, అంగహీనులూ అయిన సైనికుల కోసం ప్యారిస్‌లో ఇన్వాలిద్ అనే పెద్ద ఆశ్రయాన్ని కట్టించడానికి ఆజ్ఞ ఇచ్చాడు. పన్నుల వసూలును గుత్తకు తీసుకున్న సంస్థ 1768లో తన ఉద్యోగుల జీతాల నుంచి కొంత కోత పెట్టి పింఛను నిధి ఏర్పాటు చేసింది. అయితే ఇవి అక్కడక్కడ జరిగిన మంచి పనులే. మొత్తం మీద పింఛను కోరేవాడు చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో న్యాయమూర్తి పదవి మొదలుకొని అనేక సర్కారు కొలువులు డబ్బిచ్చి కొనుక్కునేవే. కొన్న పదవిని కొడుక్కి ఇచ్చుకోవచ్చు. కొలువే సొంత ఆస్తి అయినచోట సర్వీసు అనే మాటకు విలువ ఎక్కడిది?

ఖజానా ఖాళీ

16వ లూయీ 1774లో సింహాసనం ఎక్కేనాటికే ఖజానా మీద అప్పుల బరువు ఉంది. 1756 నుంచి 1763 దాకా సాగిన ఏడేళ్ల యుద్ధం అందుకు ఒక ముఖ్య కారణం. మన ఉత్తర సర్కారులను ఫ్రెంచివారు ఇంగ్లీషువారికి పోగొట్టుకున్నది కూడా ఆ యుద్ధంలోనే. తర్వాత 1778 నుంచి 1783 దాకా అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండుకు వ్యతిరేకంగా దిగి, ఫ్రాన్సు 100 కోట్ల లీవ్రులకు పైగా ఖర్చు పెట్టింది. లీవ్రు అంటే వారి నాణెం లెక్క. ప్యారిస్‌లో కూలివాడికి రోజంతా కష్టపడితే సుమారు ఒకటి, ఒకటిన్నర లీవ్రు గిట్టేది.

నెక్కర్ అనే జెనీవా బ్యాంకరు అప్పట్లో ఆర్థిక శాఖను చూసేవాడు. దేశమంతా ఎవరెవరికి ఏయే శాఖ నుంచి పింఛను పోతున్నదో ఒకచోట తెలియని పరిస్థితి. అందుచేత 1778 నవంబరులో పింఛన్లన్నిటినీ ఒకే ఖజానా కిందికి తెమ్మని ఉత్తర్వు వెలువడింది. పింఛనుదారులు తమ జ్ఞానస్నాన పత్రం, అంటే పుట్టిన తేదీ రుజువు, దానితోపాటు తమకు వస్తున్న మొత్తాల వివరం దాఖలు చేయవలసి వచ్చింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మనకు ఈ తంతు కొత్తగా అనిపించదు!

1781లో నెక్కర్ మరో సాహసం చేశాడు. అంతవరకు రహస్యంగా ఉన్న రాజుగారి జమాఖర్చులను పుస్తకంగా అచ్చువేయించాడు. జనం వేలాది ప్రతులు ఎగబడి కొన్నారు. పింఛన్ల కింద ఏటా 2 కోట్ల 80 లక్షల లీవ్రులు పోతున్నాయని అందులో చూసి నివ్వెరపోయారు. ఐరోపా రాజులందరూ కలిసినా అందులో సగానికి మించి ఇస్తారా అని నెక్కరే అనుమానం వెలిబుచ్చాడు. అయితే ఖాతా చివర సుమారు 1 కోటి 2 లక్షల మిగులు చూపించాడు. మామూలు ఖర్చులనే రాసి, యుద్ధం ఖర్చును పక్కన పెట్టడం వల్ల వచ్చిన మిగులది. ఏ పద్దు చూపాలి, ఏ పద్దు దాచాలి అనే విద్య ఎంత పాతదో చూడండి.

అసలు లెక్క 1788లో బయటపడింది. ఆ సంవత్సరం రాబడి సుమారు 50 కోట్ల 30 లక్షలు, ఖర్చు సుమారు 62 కోట్ల 90 లక్షలు, లోటు 12 కోట్ల 60 లక్షలు. ఖర్చులో సగం, అంటే దాదాపు 31 కోట్ల 80 లక్షలు, పాత అప్పులకే సరిపోయేది. వెర్సాయ్ దర్బారు ఖర్చు నూటికి ఆరు వంతుల పాటిది. రాణి మేరీ ఆంట్వానెట్ నగలూ విందులూ దేశాన్ని ముంచాయని మనం విన్నదానికీ, ఈ అంకెలకూ పొంతన లేదు. ముంచినవి యుద్ధాల అప్పులు. ముఖ్యమైన భూమి పన్ను నుంచి ప్రభువర్గాలకూ మతాధికారులకూ మినహాయింపులు ఉండి, భారమంతా రైతు నెత్తిన పడడం రెండో కారణం. ఆ మినహాయింపులు తగ్గించాలని కలోన్ అనే మంత్రి 1787లో పెద్దలను సమావేశపరిస్తే వారు ఒప్పుకోలేదు, అతని పదవే ఊడింది. 1788 ఆగస్టులో ఖజానా చెల్లింపులు కొంతమేర ఆగిపోయాయి. ఇక దారి లేక, 1614 తర్వాత ఎన్నడూ కూడని మూడు వర్గాల మహాసభను రాజు పిలిచాడు. అది 1789 మే 5న వెర్సాయ్‌లో కూడింది. జూన్ 17న అందులోని సామాన్యుల ప్రతినిధులు తామే జాతీయ సభ అని ప్రకటించుకున్నారు.

కోటకు కాపలా పింఛనుదారులే

జూలై 14 సంగతి అందరికీ తెలిసినదే. అయితే ఆనాడు బాస్టిల్ కోటను కాపాడుతున్న వారెవరో తెలుసా? 82 మంది ఇన్వాలిదులు, అంటే క్రియాశీల సైన్యంలో పనికిరారని తేలికపాటి కాపలాకు పెట్టిన పాత సిపాయిలు. వారికి తోడు 32 మంది స్విస్ సైనికులు. ఆ పొద్దున జనం తుపాకులు లాక్కుని వచ్చింది కూడా ఇన్వాలిద్ ఆశ్రయం నుంచే. కోట లొంగిపోయాక జనం కోపానికి ఆ ముసలి సిపాయిల్లో కొందరు బలయ్యారు. రాణిగారి స్నేహం వల్ల పదవులూ పింఛన్లూ పుష్కలంగా పొందిన పోలిన్యాక్ కుటుంబం మాత్రం అదే వారంలో దేశం దాటిపోయింది. లబ్ధి ఒకరిది, దెబ్బ ఒకరిది.

ఎర్ర పుస్తకం

1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ ప్రభువర్గాల ప్రత్యేక హక్కులను, పదవుల అమ్మకాన్ని రద్దు చేసింది. ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన వెలువడింది. అందులో 14, 15 అధికరణాలు మనబోటి లెక్కలవారికి ముఖ్యం. పన్ను ఎందుకో, ఎలా ఖర్చవుతున్నదో తెలుసుకునే హక్కు పౌరులకు ఉందని ఒకటి, ప్రతి ప్రభుత్వోద్యోగి నుంచీ లెక్క అడిగే హక్కు సమాజానికి ఉందని మరొకటి చెబుతాయి.

పింఛన్లను విచారించడానికి సభ ఒక కమిటీని వేసింది. దానిలో ముఖ్యుడు కామ్యూ అనే న్యాయవాది. మహా పట్టుదల గల మనిషి. సభ దస్తావేజులకు అధికారి కూడా ఆయనే. రాజుగారి రహస్య చెల్లింపులు రాసే పుస్తకం ఒకటి ఉందని, అది ఎర్ర తోలు అట్టతో ఉంటుందని కమిటీకి తెలిసింది. దానిని చూపించడానికి నెక్కర్ నసిగాడు. కామ్యూ వదలలేదు. చివరకు 1790 మార్చిలో పుస్తకం కమిటీ ముందుకు వచ్చింది. తాతగారైన 15వ లూయీ కాలపు పుటలు మాత్రం చూడవద్దని రాజు కోరగా వాటిపై కాగితం అతికించి సీలు వేశారు. కమిటీ ఆ కోరికను మన్నించింది. ఏప్రిల్‌లో మిగతా భాగం అచ్చయి బజారుకు వచ్చింది.

1774 నుంచి 1789 దాకా మొత్తం సుమారు 22 కోట్ల 80 లక్షల లీవ్రులు. జనం ఊహించినట్టు అదంతా విలాసాల ఖర్చేమీ కాదు. అందులో 13 కోట్ల 58 లక్షలు విదేశ వ్యవహారాలకూ తపాలాకూ సంబంధించినది. రాజు, రాణి సొంత ఖర్చు 1 కోటి 14 లక్షలు. అయితే రాజుగారి ఇద్దరు తమ్ముళ్లకు 2 కోట్ల 83 లక్షలు ముట్టాయి. అదే పదిహేనేళ్లలో ధర్మం పద్దు 2 లక్షల 54 వేలు. వ్యాఖ్యానం ఎవరూ చేయనక్కరలేదు, ఆ రెండు పద్దులే మాట్లాడాయి.

1790 చట్టం

ఆ తర్వాత వచ్చినదే 1790 ఆగస్టు పింఛను చట్టం. ఉన్న పింఛన్లన్నీ రద్దు, అర్హతను బట్టి కొత్తగా మంజూరు అన్నారు. దేశానికి చేసిన సేవకు ప్రతిఫలం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అనేది మూలసూత్రం. ముఖ్య నిబంధనలు ఇవి:

30 ఏళ్ల సర్వీసు, 50 ఏళ్ల వయసు ఉండాలి. విధి నిర్వహణలో గాయపడినవారికి, అంగవైకల్యం కలిగినవారికి మినహాయింపు.

30 ఏళ్లకు జీతంలో నాలుగో వంతు. ఆపైన ప్రతి ఏడాదికీ మిగిలిన మూడు వంతుల్లో ఇరవయ్యో భాగం కలుపుతారు. ఉదాహరణకు ఏడాదికి 1,200 లీవ్రుల జీతగాడికి 30 ఏళ్లకు 300, 40 ఏళ్లకు 750, 50 ఏళ్లకు పూర్తి జీతం.

ఎంతటివాడికైనా ఏడాదికి 10,000 లీవ్రులకు మించరాదు. జీతం, పింఛను రెండూ ఒకేసారి తీసుకోరాదు.

ఏటా పింఛన్లకు 1 కోటి, బహుమానాలకు 20 లక్షలు కేటాయింపు. పింఛనుదారుల జాబితా అచ్చువేయాలి.

సర్వీసులో ఉండగా మరణించినవాని భార్యకు ఆస్తి లేకపోతే జీవనభృతి ఇవ్వవచ్చు, పిల్లలను ప్రభుత్వ ఖర్చుతో పెంచవచ్చు. మన ఫ్యామిలీ పెన్షన్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఇందులో గొప్పతనం మొత్తంలో లేదు. రాజుగారి ముఖం చూడకుండా, తన సర్వీసు ఏళ్లు తానే లెక్కపెట్టుకుని, నాకు ఇంత రావాలి అని ఒక సామాన్య ఉద్యోగి చెప్పగలగడం, అదీ గొప్ప.

హక్కు వచ్చింది, విలువ కరిగింది

కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కాలేదు. అప్పులు తీర్చడానికి ప్రభుత్వం చర్చి భూములను స్వాధీనం చేసుకుని, వాటి పూచీ మీద అసైన్యాలనే కాగితాలు వేసింది. అవే డబ్బుగా చెలామణీ అయ్యాయి. 1792లో రాచరికం రద్దయింది, 1793 జనవరి 21న రాజుకు శిరచ్ఛేదం జరిగింది. చుట్టూ యుద్ధాలు. అవసరం వచ్చినప్పుడల్లా కాగితాలు అచ్చువేస్తూ పోయారు. 1796 ఆరంభానికి ఆ కాగితం విలువ నూటికి ఒక వంతు కూడా లేకపోయింది. ఆ ఫిబ్రవరిలో ముద్రణ సామగ్రిని ప్యారిస్ నడిబజారులో పెట్టి ధ్వంసం చేశారు.

సర్కారు ఇచ్చే కాగితం మీద బతికే వడ్డీదారులూ, పింఛనుదారులూ ఎంత నలిగిపోయి ఉంటారో మనం ఊహించగలం. చట్ట ప్రకారం 300 లీవ్రులూ ఇచ్చినట్టే, కానీ దానితో నిజంగా కొనగలిగేది 3 లీవ్రుల సరుకు కూడా కాదు. కరువు భత్యం లేని పింఛను ఎండాకాలపు చెరువు వంటిదని మన సభల్లో పెద్దలు అంటూ ఉంటారు. ఫ్రాన్సు వృద్ధులకు అది అనుభవం. 1797లో ప్రభుత్వం తన అప్పుల్లో మూడింట ఒక వంతునే పుస్తకాల్లో నిలిపి, మిగతా రెండు వంతులకు విలువ నిలవని పత్రాలు చేతిలో పెట్టింది. సివిల్ ఉద్యోగులందరికీ ఒకే పింఛను పద్ధతి స్థిరపడడానికి 1853 జూన్ 9 నాటి చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

కామ్యూ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1793 ఏప్రిల్‌లో దుమూరియే అనే సేనాని తిరగబడగా, అతణ్ణి పట్టి తెమ్మని పంపినవారిలో కామ్యూ ఒకడు. ఆ సేనాని కామ్యూనే పట్టుకుని ఆస్ట్రియా వారికి అప్పగించాడు. రెండున్నరేళ్ల చెర తర్వాత, 1795 డిసెంబరులో, ప్యారిస్‌లో బందీగా ఉన్న రాజకుమార్తెకు బదులుగా కామ్యూనూ, తోటి బందీలనూ విడిపించారు. రాజుగారి పద్దుల పుస్తకం తెరిపించిన మనిషి రాజుగారి కూతురికి మారకంగా ఇల్లు చేరాడు. 1804లో కన్నుమూసేదాకా దేశపు దస్తావేజుల కాపలాదారుగానే ఉన్నాడు.

మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పింఛను దయాధర్మం కాదని, యజమాని ఇష్టాయిష్టాలపై ఆధారపడేది కాదని, చేసిన సేవ వల్ల వచ్చే హక్కని తీర్పు చెప్పింది. ఏటా ఆ రోజును మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. 'దయ' అనే మాటను పింఛను చిట్టాలోంచి కొట్టివేసే పని అంతకు రెండు వందల ఏళ్ల క్రితం ప్యారిస్‌లో మొదలైందని మన పిల్లలకు చెప్పాలి. ఆ కథ రెండు సంగతులు నేర్పుతుంది. లెక్క నలుగురి ముందు తెరిచినప్పుడే దయ హక్కుగా మారుతుంది. ధరలతోపాటు పెరిగినప్పుడే ఆ హక్కు కడుపు నింపుతుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి సడలినా నష్టపోయేది వృద్ధులేనని ఫ్రాన్సు చరిత్ర సాక్ష్యం చెబుతున్నది.