నీటి అడుగున సంగమం, నల్లమలలో కాలిదారి

ఫాల్గుణ బహుళం వచ్చిందంటే మా ఆదోని, ఎమ్మిగనూరు దారులు కాషాయపు, పసుపుపచ్చని వస్త్రాలతో నిండిపోతాయి. బళ్లారి, రాయచూరు, ఇంకా పైనున్న బాగలకోట సీమల నుండి కన్నడ భక్తులు కాలినడకన శ్రీశైలానికి తరలివస్తారు. కొందరి భుజాన కావళ్లు, కొందరి చేత నందికోలలు. ఎత్తైన కర్రకాళ్లపై నిలిచి మైళ్లకొద్దీ నడిచేవారు కూడా ఉంటారు. వారిని చూసి చిన్నతనంలో నేను భయపడేవాడిని. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అని వారి నమ్మకం. అందుకే ఉగాదికి ఆమెకు చీర, పసుపుకుంకుమలు మోసుకొని వెళతారు. దారిపొడుగునా ఊళ్లవాళ్లు మజ్జిగ, అన్నం పెడతారు. 1938లో చేనేత సహకార సంఘం వెలసిన ఎమ్మిగనూరులోనూ, మా పల్లెల్లోనూ ఈ మర్యాద ఇప్పటికీ తప్పలేదు.

మాది కైరుప్పల ప్రాంతం. ఆ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది ఉగాది మరునాటి పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ నడిచిన ప్రణయకలహానికి గుర్తుగా ఊరు రెండు పక్షాలై పిడకలు రువ్వుకుంటుంది. ఉగాదికి శ్రీశైలంలో ఉండాలంటే ఈ సమరాన్ని వదులుకోవలసిందే. 1978లో మా తాత నన్ను వెంటబెట్టుకొని శ్రీశైలానికి నడిచినప్పుడు నాకున్న ఏకైక దుఃఖం అదే. "ఏడవొద్దురా, దావలో నాగలూటి కాడ కూడా ఈరభద్రుడు ఉండాడు" అని ఆయన ఊరడించాడు. అక్కడ పిడకలు ఉండవు కదా అని నేను మారుమాట్లాడలేదు.

ఆ దారిని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పండితులం శ్రీశైలం అనగానే పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రనూ, అందులోని పర్వత ప్రకరణాన్నీ తలుచుకుంటాం. శివరాత్రికి పోయే యాత్రికుల సందడిని అంత దగ్గరగా చూసి రాసిన కవి మరొకరు లేరని నా అభిప్రాయం. పాఠశాలలో దాన్ని చెప్పేవాళ్లలో ఆ దారిన నడిచినవాళ్లు ఎందరన్నది వేరే మాట.

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం అన్నవి వరుసగా తగిలే మజిలీలు. నలభై కిలోమీటర్ల పైచిలుకు నడక. నాగలూటిలో వీరభద్రాలయం, కోనేరు శిథిలావస్థలో ఉన్నాయి. పెద్దచెరువు దగ్గర చెంచుల గూడెం, తామరలు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. పెద్ద పెద్ద బండలతో పరిచిన మెట్లు అవి. శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించిన కీర్తి ఎఱ్ఱాప్రగడను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డిది. హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగ వైపు మెట్లు కట్టించింది. తరువాత కృష్ణదేవరాయలు వచ్చాడు. 1677లో శివాజీ వచ్చాడు, ఉత్తరపు గోపురం ఆయన పేరిటిది. ఏ రాజు వచ్చినా ఆ కాలంలో అడవి దాటే రావాలి.

ఆ ఎక్కుడులో జనం "చేదుకో మల్లన్నా" అని అరుస్తారు. చేదటం అంటే బావిలోంచి తాటితో నీళ్లు పైకి లాగటం. భక్తుడు తనను తాను బొక్కెనగా ఊహించుకొని, లాగవలసిన భారాన్ని దేవుడి మీద పెడుతున్నాడన్నమాట. నిఘంటువులో ఆ క్రియను ఎన్నోసార్లు చూసిన నాకు దాని అర్థం భీముని కొలను మెట్ల మీద, ఊపిరి అందనప్పుడు, తాత చెయ్యి పట్టి లాగినప్పుడు తెలిసింది.

1794లో కాలిన్ మెకంజీ ఈ పర్వతానికి వచ్చాడు. కైఫియత్తులు సేకరించిన ఆ మెకంజీయే. అప్పటికింకా కర్నూలు నవాబుల ఏలుబడి. గర్భాలయం చీకటిగా ఉంటే అద్దంతో ఎండను లోపలికి మళ్లించి లింగాన్ని చూపించిన విధం ఆయన రాసుకున్నాడు. ఆ వృత్తాంతం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్‌లో అచ్చయింది. యాత్రికులను అడవి దాటించినందుకు చెంచులు రుసుము పుచ్చుకునే ఆచారమూ ఉండేది. దాన్ని దోపిడీ అని రాసినవారున్నారు. అడవి వారిదైనప్పుడు అది సుంకం ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

ఇక నీళ్ల సంగతి. తాత నన్ను నేరుగా ఆత్మకూరుకు తీసుకుపోలేదు. ముందు సంగమేశ్వరంలో మునగాలన్నాడు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి కలిసేచోటు అది. ధర్మరాజు ప్రతిష్ఠకు భీముణ్ణి కాశీకి పంపి లింగం తెమ్మన్నాడట. అతడు వేళకు రాకపోతే వేపమొద్దును లింగంగా నిలిపాడట. ఆలస్యంగా వచ్చిన భీముడు అలిగి తన లింగాన్ని విసిరేస్తే, అతణ్ణి సముదాయించటానికి మొదటి దర్శనం దానికే అన్నారట. రామేశ్వరం కథకు ఇది దగ్గరి చుట్టం. అయితే కర్రతో చేసిన లింగం మరెక్కడా నాకు తారసపడలేదు. దారువు నానితే ఎన్నాళ్లుంటుందని నేనడిగాను. ఎందుకంటే ఆ ఊళ్లో అందరూ నీళ్ల మాటే మాట్లాడుతున్నారు.

శ్రీశైలం ఆనకట్టకు 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1981కి కట్ట పూర్తయింది. 885 అడుగుల మట్టానికి నీళ్లు నిలిస్తే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. లక్షకు మించిన జనం కదలవలసివచ్చింది. గడువు దాటినా కదలనివారి ఇళ్లను ఆ ఏడాది జూన్‌లో యంత్రాలతో కూల్చారు. పండిన ఒండ్రునేలకు బదులు చేతికిచ్చిన డబ్బు ఎందరికి ఎన్నాళ్లు నిలిచిందో ఆ ఒడ్డు ఊళ్లలో అడిగితే చెబుతారు.

గుళ్లకు మాత్రం కొంత అదృష్టం పట్టింది. రాళ్లకు అంకెలు వేసి, ఊడదీసి, ఎత్తైన చోట మళ్లీ పేర్చారు. ఏడవ శతాబ్దపు చాళుక్యుల కట్టడమైన కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా అలంపురానికి చేరింది. మన సంగమేశ్వరం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు పైకి వెళ్లింది. అంతకుముందు నాగార్జునకొండలో 1954 నుండి ఆరేళ్లు తవ్వి తీసిన బౌద్ధావశేషాలను కొండకొమ్ముకు ఎక్కించిన అనుభవం మనవారికి ఉన్నది. గుడికి అంకెలు వేసినట్టు ఊరికి వేయలేం కదా. ఏ గోడ పక్కన ఎవరి గోడ ఉండేదో పునరావాస కాలనీలో ఎవరు పేర్చగలరు?

సంగమేశ్వరంలోని పాత గుడి, వేపలింగం అక్కడే ఉండిపోయాయి. మట్టం సుమారు 840 అడుగుల దిగువకు పడినప్పుడే బయటపడతాయి. ఇరవై ఏళ్లకు పైగా మునిగి ఉన్న గుడి 2003లో మొదటిసారి తేలింది. ఆ తరువాత ఎన్నో వేసవుల్లో కొన్ని వారాలో నెలలో భక్తులకు దర్శనం దొరుకుతున్నది.

ఇది మన ఒక్కరి కథ కాదు. స్పెయిన్ దేశపు కటలోనియాలో సౌ జలాశయం అడుగున పదకొండవ శతాబ్దపు సంత్ రోమా చర్చి ఉన్నది. నీరు తగ్గినప్పుడు మొదట గోపురం, కరువు ముదిరితే మొత్తం చర్చి కనబడుతుంది. 2023లో అలాగే జరిగింది. హాసన్ దగ్గర హేమావతి జలాశయంలో శెట్టిహళ్లి చర్చి మొండిగోడలు వానాకాలం మునిగి వేసవిలో లేస్తాయి. అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసింది దక్షిణ ఫ్రాన్సులోని సలగూ. 1960ల చివర అక్కడ ఎర్రనేలల లోయకు అడ్డుకట్ట కట్టారు. ద్రాక్షతోటలు మునిగాయి. సెల్ అనే చిన్న ఊరిని ఖాళీ చేయించారు. నీళ్లు ఆ ఊరి గుమ్మందాకా వచ్చి ఆగిపోయాయి. అనుకున్న మట్టానికి జలాశయాన్ని ఎన్నడూ నింపలేదు. చర్చి నిలిచింది, ఇళ్లు నిలిచాయి, మనుషులే లేకుండా పోయారు. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ విహారానికి నడిచేవాళ్ల కోసం కాలిబాటలు ఉన్నాయట. మన జలాశయం చుట్టూ ద్రాక్షలు లేవు, అడవీ, జొన్నచేలూ ఉన్నాయి. నడిచేవాళ్లు మాత్రం వెయ్యేళ్ల నాటినుండీ ఉన్నారు.

నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో పులుల రక్షిత ప్రాంతమయింది. అప్పటినుండి ఈ దారికి శివరాత్రి, ఉగాది రోజుల్లోనే అటవీశాఖ అనుమతి. ఇది మంచిదే. ఏడాది పొడుగునా తెరిస్తే మిగిలేది ప్లాస్టిక్ సీసాల గుట్టలే. ఆ కొద్దిరోజుల్లోనే ఎంత చెత్త పోగవుతుందో చూసి సిగ్గుపడ్డాను.

2022లో ఆత్మకూరు, సంగమేశ్వరం, శ్రీశైలం మూడూ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. కైరుప్పల కర్నూలులోనే మిగిలింది. ఆ తరువాతి ఒక వేసవిలో మా అక్కయ్యతో కలిసి మళ్లీ సంగమేశ్వరం పోయాను. ఎండిన ఒండ్రు పగుళ్ల మీద నడిచి గుడి చేరాం. గోడలకు నీటిచారలు, లోపల ఇంకా ఆరని వాసన. వేపలింగం ఉన్నది. వంగి ముట్టుకున్నాను. నునుపుగా, చల్లగా, గట్టిగా ఉన్నది. తాత ఆనాడు నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా మునగమన్నాడు, అంతే. కాలం చేసి ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది.

తిరుగుదారిలో పత్తికొండ దగ్గర హంద్రీ–నీవా కాలువ దాటాం. ఆ జలాశయపు నీటినే మాల్యాల దగ్గర ఎత్తి ఇటు పంపుతారు. 2012లో మొదటిసారి వచ్చాయి. అక్కయ్య బండి ఆపించి, గట్టు దిగి, దోసిట నీళ్లు తీసుకొని నెత్తిన చల్లుకున్నది. "ఈడికే వచ్చినాయి కదరా సంగమేశ్వరం నీళ్లు, మనం అంత దూరం పోతిమి" అని నవ్వింది. తరువాత కొంగుతో మొహం తుడుచుకొని, సీసా మూత తీసి, తాత పటం ముందు పెట్టటానికి కాసిని నింపుకున్నది.