నిర్బంధ పెంపకంలో భారీ వేట చేపల పెరుగుదల

(ప్రత్యేక వ్యాసం)

ఇతర చేపలను వేటాడి జీవించే పెద్ద చేపలను చెరువులలోను, సముద్రపు పంజరాలలోను, గాజు తొట్టెలలోను పెంచడం నేడు సర్వసాధారణమైంది. ఈ సందర్భంలో 'చేప తనను ఉంచిన తొట్టెకు తగినంతే పెరుగుతుంది' అనే నమ్మకం ప్రజలలో బలంగా పాతుకుపోయి ఉన్నది. శాస్త్రీయంగా ఈ నమ్మకం నిలువదు. దీనిని ఆధారం చేసుకుని కొనుగోలు చేసిన చేపలు చివరకు చెరువులకు, సరస్సులకు చేరి జలవనరులకు ముప్పుగా పరిణమిస్తున్నందున ఈ విషయంపై సరైన అవగాహన అవసరం.

పెరుగుదల తీరు

పశువుల వలె నిర్ణీత వయస్సులో ఎదుగుదల ఆగిపోవడం అధిక శాతం చేపలలో కనిపించదు. వయస్సుతో పాటు వేగం తగ్గినా, అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నీటి ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, మేతలోని మాంసకృత్తులు, చేపల సాంద్రత ఈ వేగాన్ని నిర్ణయిస్తాయి. ఇరుకు తొట్టెలో విసర్జితాల వలన అమ్మోనియా పేరుకుపోయి పెరుగుదల కుంటుపడుతుంది. దీనిని చేప తొట్టెకు సర్దుకుపోవడంగా భావించరాదు. ఇది అనారోగ్య లక్షణం. అటువంటి చేప ఆయుర్దాయం కూడా తగ్గిపోతుంది.

పండుగప్ప, కోబియా

ఉప్పునీటిలోను, మంచినీటిలోను పెరగగల పండుగప్ప ప్రకృతిలో 60 కిలోల వరకు తూగగలదు. పెంపకంలో మాత్రం 6 నెలల నుంచి 2 సంవత్సరాల కాలంలో, 350 గ్రాముల నుంచి 3 కిలోల బరువు వద్ద పట్టుబడి చేయడం రివాజు. ఇది మార్కెట్ గిరాకీ, మేత ఖర్చు నిర్ణయించిన పరిమాణమే గాని చేప ఎదుగుదలకు హద్దు కాదు. పండుగప్ప మొదట మగచేపగా పరిణతి చెంది, బాగా పెరిగిన తరువాత ఆడచేపగా మారుతుంది. అందువలన హేచరీలు తల్లి చేపలను ఏళ్ల తరబడి పోషించవలసి వస్తుంది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో దేశంలో తొలిసారిగా ఈ చేప ప్రత్యుత్పత్తిని నిర్బంధ స్థితిలో సాధించింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖపట్నం తీరంలో సముద్రపు పంజరంలో పండుగప్ప పెంపకాన్ని ప్రారంభించింది.

పిల్లల దశలో పండుగప్పలు తమకంటే చిన్నవైన తోటి పిల్లలను మ్రింగివేస్తాయి. తరచుగా గ్రేడింగ్ చేసి, ఒకే పరిమాణం గల పిల్లలను ఒకచోట ఉంచని పక్షంలో రైతు నష్టపోక తప్పదు.

కోబియా చేప మరింత వేగంగా పెరుగుతుంది. అనుకూల పరిస్థితులలో ఏడాదికే 4 నుంచి 6 కిలోల బరువుకు చేరుకుంటుంది. ప్రకృతిలో 60 కిలోలు దాటిన కోబియాలు కూడా పట్టుబడినవి. దేశంలో దీని ప్రత్యుత్పత్తిని 2010లో మండపంలో తొలిసారిగా సాధించారు.

ప్రదర్శనశాలలో తెల్ల సొర

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో గల మాంటెరీ బే అక్వేరియంలో 2004 సెప్టెంబరులో ఒక పిల్ల తెల్ల సొరను సుమారు 38 లక్షల లీటర్ల తొట్టెలో ఉంచారు. వచ్చినప్పుడు దాని బరువు సుమారు 28 కిలోలు. 198 రోజుల తరువాత, 2005 మార్చి చివరన సముద్రంలో విడిచిపెట్టే నాటికి బరువు సుమారు 73 కిలోలకు, పొడవు 5 అడుగుల నుంచి 6 అడుగుల 4 అంగుళాలకు పైగా పెరిగాయి. ఈ లోగా అదే తొట్టెలోని రెండు ఇతర సొరలు దాని దాడికి గురై మరణించాయి. అంత పెద్ద తొట్టె సైతం అర్ధ సంవత్సరం మాత్రమే చాలిందన్నది గమనార్హం.

ఇళ్లలోని తొట్టెలు

దక్షిణ అమెరికాకు చెందిన ఎర్రతోక క్యాట్‌ఫిష్ దుకాణాలలో అరచేతిలో ఇమిడే పిల్లగా లభిస్తుంది. పెరిగితే నాలుగు అడుగులు దాటగలదు. అమెజాన్ ప్రాంతపు అరపైమా మంచి మేత లభించినచో మొదటి ఏడాదిలోనే సుమారు 10 కిలోలు తూగుతుంది. పూర్తిగా ఎదిగినవి రెండు మీటర్లు మించుతాయి. ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ చేపలలో 2011లో మిసిసిపీ రాష్ట్రంలో పట్టుబడినది 8 అడుగులకు పైగా పొడవు, 148 కిలోల బరువు తూగింది. అరపైమా, ఎలిగేటర్ గార్ నీటి ఉపరితలానికి వచ్చి గాలి పీల్చగలవు. ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీటిలోనూ ఇవి బ్రతుకుతాయి.

చెరువులలో విడుదల — పర్యవసానాలు

తొట్టె చాలనప్పుడు కొందరు ఈ చేపలను సమీప జలాశయాలలో వదిలివేస్తున్నారు. ఎలిగేటర్ గార్ సహజ ఆవాసం కాని శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో 2023 మే నెలలో ఆ చేప కనిపించడం ఆందోళన కలిగించింది. మన మార్పు చేపకు దగ్గరి బంధువైన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొరికిన ప్రాణినల్లా తింటూ దేశవాళీ చేపలకు హాని చేస్తున్నందున దేశంలో దాని పెంపకం నిషేధించబడింది. తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో గుర్తింపు పొందిన కొర్రమీను కూడా వేట చేపే. అయితే అది ఈ నేలదే కావడం వలన స్థానిక జలచరాలతో దానికి తరతరాల సమతుల్యత ఉన్నది. పరదేశపు చేపకు అటువంటి కట్టడి ఉండదు. ఒకసారి చెరువులో స్థిరపడిన చేపను పూర్తిగా ఏరివేయడం దాదాపు అసాధ్యం.

రైతు పెంచే చేప పరిమాణాన్ని మార్కెట్ నిర్ణయిస్తుంది. ప్రదర్శనశాలలోని చేప విషయంలో తొట్టె సామర్థ్యం, ఇంటి చేప విషయంలో యజమాని ఓపిక హద్దులవుతాయి. చేప స్వభావసిద్ధమైన ఎదుగుదలను ఇవేవీ మార్చలేవు. కనుక అలంకరణ చేపలు కొనేవారు దుకాణంలో కనిపించే పిల్ల పొడవును గాక, పూర్తిగా ఎదిగిన చేప పొడవును అడిగి తెలుసుకోవలసి ఉన్నది. పెంచలేని పక్షంలో చెరువులు, కాలువలలో వదలక, స్థానిక మత్స్యశాఖ అధికారుల సలహా పొందడం శ్రేయస్కరం.