పోరుమామిళ్ల తాలాబ్: జంగ్ జమానాలో ఒక చెరువు

ఉర్దూ మీడియం బడిలో మేం చదువుకున్న తారీఖ్ అంతా బాద్షాలది, జంగ్‌లది. 1360లలో బహమనీ సుల్తాన్ మొదటి మహమ్మద్ షా, విజయనగర రాజు మొదటి బుక్కరాయలు కొట్టుకున్నారని తెలుసు. అదే జమానాలో బుక్కరాయల కొడుకు మన ఇలాఖాలో ఒక తాలాబ్ కట్టించాడని మాత్రం ఆ కితాబుల్లో లేదు.

పోరుమామిళ్ల బద్వేలుకు ఉత్తరాన ఉంది. ఒకప్పుడు బద్వేలు తాలూకాలోదే. ఆ చెరువు కథ అక్కడి భైరవుడి గుడి ముందు రెండు రాళ్ల మీద సంస్కృతంలో చెక్కి ఉంది. అది శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. కట్టించినవాడు ఉదయగిరి నుంచి ఈ తూర్పు సీమను ఏలిన భాస్కరుడు. ఆయన్నే భవదూరుడనీ అన్నారు. చెరువుకు పెట్టిన పేరు అనంతరాజసాగరం.

రోజూ వెయ్యిమంది మజ్దూర్లు, రాళ్లు తోలే వంద బండ్లు, రెండేళ్ల మెహనత్. గుట్టలకు మధ్య ఉన్న సందుల్ని కట్టతో కలిపేశారు. గుట్టలతో కలిపి కట్ట పొడవు 5000 దండాలు, వెడల్పు 8, ఎత్తు 7 అని లెక్క రాశారు.

ఇంతటితో ఆగితే ఇది ఒక రాజుగారి తారీఫ్ అయ్యేది. ఈ రాయి ఇల్మ్ కూడా చెబుతుంది. మంచి చెరువుకు 12 అంగాలు కావాలట. ధర్మం తెలిసిన రాజు, నీళ్ల శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్ను, తీపి నీళ్ల ఏరు, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు అందులో కొన్ని. ఆరు దోషాలూ చెప్పింది. కట్ట నీళ్లు కారడం, చవిటి నేల, నడుమ మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై చోటు చాలకపోవడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సర్‌హద్దులో ఉండడం.

నన్ను ఆపేది ఈ చివరిదే. సర్‌హద్దు కోసం ఫౌజులు కొట్టుకుంటున్న రోజుల్లో, చెరువుకు సర్‌హద్దే ఐబ్ అని రాతిమీద రాశారు. కొట్లాట ఉన్నచోట కట్టను చూసుకునేదెవరు, పూడిక తీసేదెవరు?

మన పిల్లల్ని సిద్ధవటం, గండికోట ఖిల్లాలకు తీసుకుపోతాం. మంచిదే. ఈసారి పోరుమామిళ్ల కట్ట మీదికీ తీసుకుపోండి. ఆ వెయ్యిమంది మజ్దూర్ల పేర్లు రాతిమీద లేవు. ఎవరు ఏ మజ్హబ్ వాళ్లో అడగకుండానే వాళ్ల మెహనత్ ఇక్కడి పొలాలకు నీళ్లిచ్చింది. ఈ నేల తారీఖ్‌లో మన హిస్సా ఎక్కడుందని పిల్లలు అడిగితే, ఖిల్లాలతోపాటు ఈ కట్టనూ చూపిద్దాం.