ఏడవని పాప: హాస్పిటల్ రూల్స్ మార్చిన ఒక సినిమా

ఇవాళ 1952లో వచ్చిన ఒక సినిమా కథ. హీరోయిన్ పేరు లారా, వయసు రెండేళ్ల ఐదు నెలలు.

అప్పట్లో ఇంగ్లాండ్‌లో పిల్లల్ని హాస్పిటల్‌లో చేరిస్తే అమ్మానాన్నలు పక్కన ఉండటానికి లేదు. కొన్నిచోట్ల వారానికి ఒక్కసారే చూడనిచ్చేవాళ్ళు. అమ్మ వచ్చి వెళ్తే ఏడుస్తారు, రాకపోతే త్వరగా ‘సెటిల్’ అయిపోతారు అని వాళ్ళ నమ్మకం.

జేమ్స్ రాబర్ట్‌సన్ దీన్ని నమ్మలేదు. యుద్ధం రోజుల్లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన నర్సరీల్లో బాయిలర్ చూసుకున్న మనిషి ఈయన. 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ దగ్గర చేరి, వార్డుల్లో కూర్చుని పిల్లల్ని గమనించాడు. మొదట గట్టిగా ఏడుపు. తర్వాత దిగులు. ఆ తర్వాత అమ్మ అక్కర్లేదన్నట్టు ఉండిపోవడం. మీరు ‘సెటిల్’ అంటున్నది ఈ మూడోదాన్నే అని ఆయన వాదన. డాక్టర్లు వినలేదు. అందుకే సినిమా తీయడం రాకపోయినా చిన్న కెమెరా కొన్నాడు.

ఇక్కడ నాలోని ఇంజనీర్‌కి భలే నచ్చిన విషయం ఒకటుంది. ఏడ్చే పాపని కావాలని వెతికి తీశావు అనకుండా, పాపని ర్యాండమ్‌గా ఎంచుకున్నాడు. రోజూ ముందే అనుకున్న టైమ్‌లోనే షూటింగ్, ఫ్రేమ్‌లో గోడ గడియారం. అంటే టైమ్‌స్టాంప్‌తో సహా లాగ్ అన్నమాట!

లారాకి బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్, ఎనిమిది రోజులు. ఆ పాప పెద్దగా ఏడవదు. మనవాళ్ళయితే ‘ఎంత బుద్ధిగా ఉందో’ అంటారు. మధ్యమధ్యలో మెల్లగా అమ్మ కావాలంటుంది, అంతే. ఇంటికి తీసుకెళ్ళే రోజు మాత్రం అమ్మ చెయ్యి పట్టుకోదు.

రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఈ సినిమా వేస్తే చాలామంది డాక్టర్లు మండిపడ్డారు. 1959లో ప్లాట్ కమిటీ రిపోర్ట్ తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర అమ్మని ఉండనివ్వాలని చెప్పింది. అది అమలు కావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది.

అదే క్లినిక్‌లో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండా వెళ్ళి, కంపాలా దగ్గరి పల్లెల్లో 26 మంది తల్లుల్ని ఇళ్ళకెళ్ళి గమనించింది. తర్వాత అమెరికాలో, బాల్టిమోర్‌లో. బిడ్డ పిలుపుని గుర్తించి పలికే తల్లి ఉంటే, ఆ బిడ్డ అమ్మ వెళ్తే ఏడ్చినా, తిరిగి రాగానే హత్తుకుని మళ్ళీ ఆటలో పడుతుంది. కొందరు పిల్లలు అమ్మ వెళ్ళినా, వచ్చినా పట్టనట్టే ఉంటారు. 1970ల్లో అలాంటి పిల్లల గుండె వేగం కొలిచి చూశారు. ముఖంలో ఏమీ లేదు, గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటోంది.